ఆఫర్ లెటర్‌లో ఒక ‘లేదా’

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక యానిమేషన్ స్టూడియోలో మూడేళ్ళుగా బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టుగా పనిచేస్తున్నాను. రాత్రిళ్ళు, ఆదివారాలు కూర్చుని పిల్లల కోసం 24 పేజీల బొమ్మల పుస్తకం ఒకటి తయారుచేశాను. సంతలో తప్పిపోయిన మేకపిల్ల కథ. రాత, గీత రెండూ నావే. ఆ మేకపిల్ల బొమ్మ బీఎఫ్ఏ చదివే రోజుల్లోనే నా స్కెచ్‌బుక్‌లో ఉంది. పేజీలన్నీ నా సొంత ఐప్యాడ్‌లో గీశాను, మూడు మాత్రం లంచ్ టైములో ఆఫీసు లాప్‌టాప్‌లో పూర్తిచేశాను. ఒక ప్రచురణకర్త వేస్తామని అగ్రిమెంట్ పంపారు. ‘దీనిపై మరెవరికీ హక్కు లేదని హామీ ఇస్తున్నాను, తేడా వస్తే నష్టం నేనే భరిస్తాను’ అని అందులో ఉంది. ‘ఉద్యోగంలో ఉండగా గీసిందంతా కంపెనీదే’ అని తోటి ఉద్యోగి ఒకరు భయపెట్టారు. నా ఆఫర్ లెటర్‌లోని క్లాజ్ కూడా రాసి పంపుతున్నాను. సంతకం పెట్టొచ్చా? మావారి పేరుతో వేస్తే ఏ గొడవా ఉండదంటున్నారు, నిజమేనా?
– ఎస్., కూకట్‌పల్లి

సమాధానం: ప్రచురణకర్త పంపిన కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. నెలా రెండు నెలలు ఆగినా పుస్తకానికి వచ్చే నష్టం లేదు. మీవారి పేరు ఆలోచన మాత్రం ఈ రోజే మానేయండి, ఎందుకో తర్వాత చెప్తాను.

మీ సహోద్యోగి మాట చట్టంలో లేదు. కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ ప్రకారం కృతికి మొదటి హక్కుదారు దాన్ని సృష్టించిన మనిషే. దానికున్న మినహాయింపుల్లో మీకు వర్తించగలిగేది (సి) క్లాజ్: ఉద్యోగ ఒప్పందం కింద, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన కృతికి, వేరే ఒప్పందమేమీ లేకపోతే, యజమాని మొదటి హక్కుదారు. ‘ఉద్యోగంలో ఉన్న కాలంలో’ అని చట్టం అనలేదు, ‘ఉద్యోగ విధుల్లో భాగంగా’ అంది. మీ జీతం బ్యాక్‌గ్రౌండ్లు గీసినందుకు. పిల్లల కథ రాయమని, మేకపిల్లను పుట్టించమని మీకెవరూ పని చెప్పలేదు, డెడ్‌లైన్ పెట్టలేదు, రివ్యూలో కరెక్షన్లు ఇవ్వలేదు. కోర్టు మొదట చూసేది ఇదే: ఆ పని చేయనని మీరు అంటే కంపెనీ మిమ్మల్ని తప్పుపట్టగలిగేదా?

గడియారం ఒక్కటే దీన్ని తేల్చదు. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుని రాత్రి రెండింటికి గీసినా అది కంపెనీదే. లంచ్ టైములో ఆఫీసు కుర్చీలోనే కూర్చుని సొంత కథ రాసుకుంటే అది కంపెనీది అయిపోదు. ఇంగ్లండ్‌లో 1991 నాటి లా రిపోర్టుల్లోకెక్కిన నోవా కేసు దీనికి దగ్గరగా ఉంటుంది. ప్రభుత్వ ప్రయోగశాలల సంస్థలో పనిచేసే ఒక వైద్య నిపుణుడు చెవులు కుట్టడం లాంటి చర్మం గుచ్చే పనుల్లో పాటించాల్సిన శుభ్రత గురించి సాయంత్రాలు, వారాంతాల్లో ఇంట్లో కూర్చుని చిన్న గైడ్ రాశాడు. ఆఫీసు సెక్రటరీ టైపు చేసింది, సంస్థే అచ్చేసింది. అయినా కాపీరైట్ ఆయనదేనని కోర్టు తేల్చింది. 1952 నాటి స్టీఫెన్‌సన్ జోర్డన్ కేసులో ఇంకో మెట్టు కనిపిస్తుంది. ఒకే పుస్తకంలో ఉద్యోగి బయట ఇచ్చిన ఉపన్యాసాల భాగం అతనిది, కంపెనీ అప్పగించిన పని మీద ఉండగా రాసిన భాగం కంపెనీది అయ్యాయి. పుస్తకమంతా గంపగుత్తగా ఒకరిదే అవ్వాలని లేదన్నమాట. మన చట్టంలోని ఈ మాటలు బ్రిటిష్ చట్టం నుంచే వచ్చాయి కాబట్టి మన కోర్టుల్లోనూ ఈ తీర్పులను ఎత్తిచూపుతారు.

మీ మేకపిల్లకైతే కేరళలోనే చుట్టం ఉంది. టామ్స్ అనే పేరుతో గీసిన కార్టూనిస్టు వి.టి. థామస్, బోబన్, మోలీ అనే ఇద్దరు పిల్లల పాత్రలను మలయాళ మనోరమలో చేరకముందే సృష్టించుకున్నారు. ఉద్యోగం వదిలి వేరే పత్రికకు గీయబోతే పాత సంస్థ కోర్టుకెక్కింది. కేరళ హైకోర్టు ఆయన్ను గీయకుండా ఆపనివ్వలేదు. ఉద్యోగానికి ముందే పుట్టిన పాత్ర విషయంలో ఆ తీర్పు మీకు బలం. అందుకే మీ కాలేజీ స్కెచ్‌బుక్ ఇప్పుడు ఇంట్లో ఉన్న బంగారం కంటే భద్రంగా ఉండాలి.

ఇక అసలు చిక్కు మీ సంతకం. చట్టం మీకిచ్చినదాన్ని మీరే రాసిచ్చేయొచ్చు. మీరు పంపిన క్లాజ్ ఇది:

‘ఉద్యోగ కాలంలో, పని వేళల్లో గానీ ఇతర వేళల్లో గానీ, ఉద్యోగి సృష్టించిన, కంపెనీ వ్యాపారానికి సంబంధించిన లేదా కంపెనీ వనరులతో తయారైన ప్రతి కృతిపై సర్వహక్కులూ కంపెనీకి చెందుతాయి.’

ఇందులో మధ్యనున్న ‘లేదా’ను పెన్సిల్‌తో చుట్టండి. అక్కడ ‘మరియు’ ఉండుంటే రెండు షరతులూ కలిస్తేనే హక్కు కంపెనీకి పోయేది, సొంత ఐప్యాడ్‌లో గీసిన పేజీలకు అసలు బెంగే ఉండేది కాదు. ‘లేదా’ ఉంది కాబట్టి కంపెనీకి రెండు తలుపులు. ఒకటి వ్యాపారానికి సంబంధం, రెండోది వనరులు. ‘ఇతర వేళల్లో గానీ’ అని ముందే రాసుకున్నారు కాబట్టి రాత్రి గీశానన్న మాట ఈ క్లాజ్ ముందు పనిచేయదు.

మొదటి తలుపు సంగతి. మీ స్టూడియో చేసేదేమిటో మీ ఉత్తరంలో లేదు. విదేశీ సినిమాలకు విజువల్ ఎఫెక్ట్స్ చేసే చోటైతే తెలుగు బొమ్మల పుస్తకం వాళ్ళ వ్యాపారమని చెప్పడం కష్టం. సొంత పాత్రలతో పిల్లల సీరియళ్ళు, యూట్యూబ్ రైమ్స్ తీసే స్టూడియో అయితే ‘పిల్లల పాత్ర అంటే మా సరుకే’ అనగలరు, ఆ మాటలో కొంత పస కూడా ఉంటుంది. పుస్తకం మీద వాళ్ళకు ఆశ ఉండకపోవచ్చు. రేపు ఆ మేకపిల్లతో వేరే స్టూడియో సీరియల్ తీస్తుందేమోనన్నదే భయం. కంపెనీతో ఎన్‌ఓసీ (తమకు అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) మాటలు నడిపేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

క్లాజ్‌కూ లోపాలున్నాయి. హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. ఏ కృతి, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ప్రతిఫలమెంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాయనంతవరకు, ఆ బదిలీ రద్దవుతుంది, ఇదే 19(4). ‘ప్రతి కృతి’ అని గాలంలా విసిరిన వాక్యంలో ఇవేవీ లేవు. మీ ఆఫర్ లెటర్ మొత్తం, దాని వెంట సంతకం పెట్టిన ఐపీ (మేధో సంపత్తి) అగ్రిమెంట్, ఉద్యోగుల హ్యాండ్‌బుక్ వరుసగా చదివి ‘శాశ్వతంగా’, ‘ప్రపంచవ్యాప్తంగా’, ‘19(4) వర్తించదు’ అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. లేకపోతే మీ లాయరుకు వాదించడానికి మంచి చోటు దొరికినట్టే. అంతమాత్రాన గెలిచినట్టు కాదు. ఇంకోటి, ఇలాంటి తగవుల్లో మీకు దెబ్బ తగిలేది కోర్టులో కాదు. ‘ఈ పుస్తకం హక్కులు మావి’ అని కంపెనీ నుంచి ఒక్క ఈమెయిల్ వెళ్తే చాలు, చిన్న ప్రచురణ సంస్థ పుస్తకం పక్కన పెట్టేస్తుంది. ఇప్పుడే కంపెనీ నుంచి కాగితం సంపాదించుకోమనేది అందుకు.

చాలామంది కలగలిపేసే ఇంకో సంగతి మూన్‌లైటింగ్, అంటే ఉద్యోగం చేస్తూనే బయట ఇంకో సంపాదన చూసుకోవడం. అనుమతి లేకుండా బయటి ఆదాయం ఉండకూడదని మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉంటే, అది దాటినందుకు మెమో రావచ్చు, ఉద్యోగమూ పోవచ్చు. అయితే ఆ నియమం తప్పినంత మాత్రాన బొమ్మ కంపెనీది అయిపోదు. క్రమశిక్షణ ఒక దారి, హక్కు ఒక దారి. హెచ్.ఆర్. వాళ్ళు రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పి భయపెడితే ‘ఏ క్లాజ్ కింద?’ అని విడివిడిగా రాసివ్వమనండి.

రెండో తలుపు ఆ మూడు పేజీలు. లాప్‌టాప్ కంపెనీది, అందులోని సాఫ్ట్‌వేర్ లైసెన్సూ కంపెనీదే. చట్టం వరకైతే ఒక్క పరికరం వల్ల హక్కు మారదు, నోవా కేసులో టైపింగ్ లాగే. క్లాజ్ ప్రకారం మాత్రం ‘కంపెనీ వనరులతో తయారైన’ అన్న మాట ఈ మూడు పేజీలకు సూటిగా తగులుతుంది. ఇక్కడ కంగారులో చేసే పనులే ఎక్కువ చెరుపు చేస్తాయి. ఆ ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి లాక్కోకండి, సొంత జీమెయిల్‌కు పంపుకోకండి. ఆఫీసు లాప్‌టాపుల్లో బయటికి పోయే ఫైళ్ళను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉండటం మామూలు. దానికి మీ మేకపిల్ల ఫైలుకూ, క్లయింట్ విడుదల చేయని సినిమా ఫైలుకూ తేడా తెలియదు, రెండూ ‘డేటా బయటికి పోయింది’ అనే నమోదవుతాయి. డిలీట్ కూడా చేయకండి. రేపు తగవు వస్తే సాక్ష్యం చెరిపారన్న మాట పడుతుంది, పైగా క్లౌడ్‌లో కాపీ ఉండే ఉండొచ్చు.

దీనికి మందు ఒకటే. మీ సొంత పెన్సిల్ స్కెచ్‌లు ముందు పెట్టుకుని ఆ మూడు పేజీలనూ ఐప్యాడ్‌లో మొదటి నుంచీ గీయండి. ఆఫీసు ఫైలు చూసి దిద్దితే అది దాని నకలే అవుతుంది, దాన్ని అసలు తెరవకండి. కంపోజిషన్ కొంచెం మారినా మంచిదే. పాత మూడు పేజీలు ఆఫీసులో గీసిన మాట కంపెనీకి రాసే ఉత్తరంలో దాచకుండా చెప్పండి. పనిలో పనిగా మిగతా పేజీల్లో స్టూడియో వాళ్ళ బ్రష్‌లు వాడారా, షో కోసం కట్టిన కలర్ ప్యాలెట్ తెచ్చారా, కవర్ మీద అక్షరాలకు ఆఫీసు లైసెన్స్ ఉన్న తెలుగు ఫాంట్ వాడారా చూసుకోండి. ఫాంట్ సంగతి ఎవరికీ గుర్తుండదు. పుస్తకం అచ్చయ్యాక దొరికేది అదే. మార్చేయండి.

సాక్ష్యాల మూట ఇప్పుడే కట్టండి. కాలేజీ స్కెచ్‌బుక్‌లో మేకపిల్ల ఉన్న పేజీలు, వాటికి ముందూ వెనకా ఉన్న పేజీలు కలిపి స్కాన్ చేయండి. తేదీ ఉన్న అసైన్‌మెంట్ దాని పక్కనే ఉంటే అంతకంటే ఏం కావాలి. అప్పట్లో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారా, లెక్చరర్‌కు మెయిల్ చేశారా వెతకండి. బొమ్మలు గీసే ప్రొక్రియేట్ యాప్ వాడుతుంటే టైమ్‌లాప్స్ వీడియోలు ఎగుమతి చేసుకోండి, కాన్వాస్ సమాచారంలో ఎన్ని గంటలు గీశారో కూడా ఉంటుంది. లేయర్లున్న ఒరిజినల్ ఫైళ్ళు ఒక హార్డ్‌డిస్క్‌లో పెట్టి మళ్ళీ ముట్టుకోకండి. తనకు తానే రిజిస్టర్డ్ పోస్టులో కవరు పంపుకునే చిట్కాను మాత్రం నమ్ముకోవద్దు. ఆ కవరు ఎప్పుడో వచ్చిందని చూపగలదు గానీ, బొమ్మ ఎవరి విధుల్లో పుట్టిందో చెప్పలేదు.

ఇక కంపెనీకి రాసే ఉత్తరం. మేనేజరు వాట్సాప్‌లో ‘గో అహెడ్’ అనడం చాలదు. రేపు ఆయన ఉండకపోవచ్చు, ఉన్నా హక్కులు వదులుకునే అధికారం ఆయనకు ఉండకపోవచ్చు. హెచ్.ఆర్.కు, లీగల్ విభాగముంటే వాళ్ళకు, మీ సొంత మెయిల్ ఐడీని కాపీలో పెట్టి రాయండి. పుస్తకం పేరు, పేజీలు, చిన్న సైజు బొమ్మలు జత చేయండి. పూర్తి రిజల్యూషన్ ఫైళ్ళు ఇవ్వకండి. మీ ఉద్యోగంలో ఇచ్చిన ఏ ప్రాజెక్టుకూ దీనితో సంబంధం లేదని, కంపెనీ గోప్య సమాచారం వాడలేదని, మూడు పేజీల సంగతి ఇదని రాయండి. ఫలానా తేదీలోగా జవాబు కావాలని మర్యాదగా అడగండి, మూడు వారాలు ఇస్తే సరిపోతుంది. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు అని మాత్రం అనుకోకండి. మళ్ళీ రాయండి.

చాలామంది తెచ్చుకునే ఎన్‌ఓసీలో ‘అభ్యంతరం లేదు’ అని ఒక్క లైనే ఉంటుంది. అది అనుమతి మాత్రమే. హక్కు నిజంగా కంపెనీదైతే ఆ అనుమతిని రేపు వెనక్కి తీసుకోవచ్చని ఎవరైనా వాదించొచ్చు. మీకు కావలసింది రెండు ముక్కలు: మాకు హక్కు లేదన్న ఒప్పుకోలు, ఒకవేళ ఉంటే మీకు రాసిస్తున్నామన్న బదిలీ. ఆఫీసులో ఎలాగూ ఇంగ్లీషులో రాస్తారు గానీ, భావం ఇలా ఉండాలి:

‘జతపరచిన అనుబంధంలోని 24 పేజీల పుస్తకం, అందులోని కథ, బొమ్మలు, పాత్రలు ఉద్యోగి తన సొంత కృషిగా చేసినవని, అవి ఆమె ఉద్యోగ విధుల్లో భాగం కాదని కంపెనీ అంగీకరిస్తోంది. వాటిపై కంపెనీ ఏ హక్కూ కోరదు. ఒకవేళ నియామక ఒప్పందం వల్ల గానీ, కంపెనీ పరికరాల వాడకం వల్ల గానీ ఏదైనా హక్కు కంపెనీకి ఉంటే, దాన్ని కాపీరైట్ పూర్తి కాలానికి, ప్రపంచవ్యాప్తంగా, 1,000 రూపాయల ప్రతిఫలానికి ఆమెకు బదిలీ చేస్తోంది. ఇదే పాత్రలతో ఆమె చేసే తర్వాతి పుస్తకాలకూ ఇది వర్తిస్తుంది.’

కాలం, ప్రాంతం రాయించుకోవడం మర్చిపోకండి. కంపెనీని ఇరుకున పెట్టే 19వ సెక్షనే మీ మీదికీ వస్తుంది. ఏమీ రాయకపోతే వాళ్ళు తిరిగిచ్చేది ఐదేళ్ళకు, ఇండియా వరకే అవుతుంది. సంతకం కంపెనీ తరఫున అధికారం ఉన్నవాళ్ళది, హోదా, ముద్రతో ఉండాలి. ‘యానిమేషన్ హక్కులు మాత్రం మాకే’ అని వాళ్ళు అడగొచ్చు. ఊరికే ఇచ్చేయకండి. వేరే స్టూడియోతో మాట్లాడేముందు కంపెనీతో మాట్లాడతానని, దానికి 30 రోజుల గడువని ఒప్పుకోండి. అంతవరకు న్యాయమే.

ఆ కాగితం చేతికొచ్చాక ప్రచురణకర్త అగ్రిమెంట్ దగ్గరికి రండి. ఎన్‌ఓసీ నకలు వాళ్ళకిచ్చి, హామీ క్లాజ్‌ను ‘నాకు తెలిసినంతవరకు’ అని మార్చమనండి, నష్టపరిహారం మీకు అందిన రాయల్టీని మించకూడదని రాయించండి. మార్చనంటే ఏ నష్టం, ఎవరి క్లెయిమ్ అన్నదైనా తేల్చి రాయమనండి. హక్కుల జాబితాలో తెలుగు అచ్చు పుస్తకం వరకే ఇచ్చి, అనువాదాలు, ఆడియో, యానిమేషన్, బొమ్మలతో టీషర్టులు, స్కూలు బ్యాగుల లాంటి సరుకు మీ దగ్గరే ఉంచుకోండి. మేకపిల్ల బాగా నడిస్తే డబ్బులు వచ్చేది అక్కడే. ‘శాశ్వతంగా’ అని ఉంటే ఐదేళ్ళు చేయించండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ సర్టిఫికెట్ ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో ఫారం 14 నింపాలి. సాహిత్య కృతికైనా, చిత్రానికైనా కృతికి 500 రూపాయలు. డైరీ నంబర్ వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. హక్కు కోరేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు మీరే నోటీసు పంపాలన్న నియమముంది. అందుకే ఎన్‌ఓసీ వచ్చాకే అప్లై చేయండి, ముందే చేసి తేనెతుట్టె కదపడమెందుకు.

ఇప్పుడు మీవారి పేరు సంగతి. ప్రచురణకర్తకు ఇచ్చే హామీ ఆయన ఇవ్వాలి, ‘నేనే రచయితను’ అని ఆయన రాసివ్వాలి. అది అబద్ధం. బయటపడితే అగ్రిమెంట్ చెడుతుంది, కంపెనీ దగ్గర మీరు దాచారన్న మాట ఖాయమవుతుంది, మీ సాక్ష్యాలన్నీ మీకే ఎదురు తిరుగుతాయి. స్కెచ్‌బుక్ మీది కదా మరి. కలం పేరు పెట్టుకోవడం వేరు, అది చట్టబద్ధమే. కలం పేరుతో వేసినా అగ్రిమెంట్‌లో మీ అసలు పేరే ఉండాలి. బొమ్మ గీసింది తానేనని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ రచయితకు విడిగా ఇస్తుంది, కాపీరైట్ అమ్మేసినా అది మిగులుతుంది. దాన్ని మీ చేతులతో మీరే ఎందుకు పోగొట్టుకోవడం?

మీలాంటి సందేహమే ఉన్న మరికొందరికి రెండు మాటలు. పత్రికల్లో ఉద్యోగం చేసేవాళ్ళకు చట్టం ఇంకాస్త మెరుగు. పత్రిక కోసం రాసిన కథకు పత్రికల్లో వేసుకునే హక్కు యజమానిది, పుస్తకంగా తెచ్చుకోవడం వగైరా మిగతాదంతా, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాళ్ళదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా కృషికి ప్రవర్తనా నియమాల్లోని 15వ నియమం చోటిస్తుంది, డ్యూటీ దెబ్బతినకూడదంతే. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళు అక్కడి లేబర్ కోడ్ 2870 గురించి చెప్తుంటారు. పూర్తిగా సొంత సమయంలో, సొంత పరికరాలతో, యజమాని వ్యాపారంతో సంబంధం లేకుండా చేసిన ఆవిష్కరణలను ఉద్యోగ ఒప్పందం లాక్కోలేదని అందులో ఉంది. అమెరికా మాతృసంస్థ ఉన్న హైదరాబాద్ ఆఫీసుల్లో అదే నమూనా కాగితం ఇస్తుంటారు గానీ, ఆ రాష్ట్ర చట్టం మాదాపూర్‌లో మిమ్మల్ని కాపాడదు.

కంపెనీ ‘ఇవ్వం’ అని తేల్చిచెప్తే, కాపీరైట్ కేసులు చూసే లాయరుకు ఆఫర్ లెటర్, ఐపీ అగ్రిమెంట్, స్కెచ్‌బుక్ స్కాన్లు చూపించి ఒక లిఖిత అభిప్రాయం తీసుకోండి. రాజీనామా చేస్తే తీరిపోతుందనుకోకండి. ఉద్యోగంలో ఉండగా గీసిన పేజీల మీద తగవు మీతోపాటే బయటికొస్తుంది. మానేశాక గీసే పుస్తకాలు మాత్రం మీవే. ‘మానేసిన ఏడాది వరకు చేసినవీ మావే’ అనే క్లాజ్ ఎక్కడైనా ఉంటే, వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్‌ను ముందుపెట్టి లాయరు దాన్ని గట్టిగా ఎదిరించగలరు.

మీ ఐపీ అగ్రిమెంట్ చివర ‘ఉద్యోగానికి ముందు చేసిన కృతులు’ అనే అనుబంధం ఉందేమో చూడండి. చేరిన రోజు అందరూ దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా ‘నిల్’ అని రాసేస్తారు. మీరూ అదే చేసి ఉంటే మేకపిల్ల మీద మీ వాదన పోదు గానీ, కంపెనీ మొదట చూపేది ఆ ‘నిల్’నే. అలా ఉంటే హెచ్.ఆర్.కు రాసే ఉత్తరంలోనే స్కెచ్‌బుక్ పేజీల స్కాన్లు జతచేసి, ఆ అనుబంధాన్ని సవరించమని కూడా అడగండి.